ఇంజెక్షన్‌కి ఉపవాసం తోడైతే

మా చిన్నాన్న ముప్పై ఏళ్లుగా శనివారం ఒంటిపూట ఉంటాడు. ఏడుకొండలవాడి మొక్కు. వయసు 61, షుగర్ వచ్చి పదేళ్లు దాటింది, ఒళ్లు కాస్త భారీ. కిందటేడు డాక్టరుగారు వెగోవీ, మౌంజారో తరహాలో వారానికొక ఇంజెక్షన్ మొదలుపెట్టారు, బరువూ తగ్గుతుంది, షుగరూ దిగుతుందని. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాడు. నాన్న ఊపు మీదున్నాడు కదా అని చిన్నాన్న కూతురు ఇంకో సలహా ఇచ్చింది: రోజూ పదహారు గంటలు కడుపు ఖాళీగా ఉంచు, మిగిలిన ఎనిమిది గంటల్లోనే తిను. పొద్దుటి టిఫిన్ ఎగిరిపోయింది.

శ్రావణమాసం మూడో శనివారం సాయంత్రం గుడిలో ప్రదక్షిణ చేస్తూ ధ్వజస్తంభం దగ్గర కూలబడ్డాడు. చొక్కా తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నాడు. పూజారిగారు నలుగురిని చూసిన మనిషి, గ్లాసు నీళ్లలో గుప్పెడు పంచదార కలిపి తాగించారు. ఇంటికి తీసుకొచ్చి గ్లూకోమీటర్‌తో చూస్తే 58. పంచదార నీళ్లు తాగాక అది! ఇంట్లో అందరిదీ ఒకే తీర్పు: "ఇంజెక్షన్ పడలేదు."

ఇంజెక్షన్ పడకపోవడం కాదు. శనివారం ఉపవాసం కొత్తదీ కాదు. పొద్దున్నే అలవాటుగా వేసుకున్న ఒక చిన్న మాత్ర చేసిన పని అది. ఆ మాత్ర సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ ఒంటిపూట గురించి చెప్పాలి. ఇదివరకు శనివారం పొద్దున ఉప్మా, గ్లాసు పాలు, మధ్యాహ్నం కడుపునిండా భోజనం, రాత్రికి అటుకులు, రెండు అరటిపళ్లు. మన ఒంటిపూట అంటే అన్నం ఒంటిపూట, తిండి ఒంటిపూట కాదు. ఇంజెక్షన్ వచ్చాక ఆ ఫలహారం మీద ధ్యాసే పోయింది. ఆ శనివారం ఆయన తిన్నది పొద్దున కాఫీ, మధ్యాహ్నం నాలుగు ముద్దలు. "ఆకలే లేదురా, ఇంత హాయిగా ఎప్పుడూ ఉపవాసం చెయ్యలేదు" అని గుడికి బయల్దేరే ముందు నాతో ఫోన్లో అన్నాడు కూడా.

నాకు భయం వేసే మాట ఆ హాయే.

మందే సగం ఉపవాసం

మనం తిన్నాక పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది. చాలు, నిండిపోయిందని మెదడుకు కబురు పంపేది అదే. పొట్టలోంచి తిండి కిందికి జారే వేగాన్ని తగ్గిస్తుంది, షుగర్ పెరిగినప్పుడు ఇన్సులిన్ రప్పిస్తుంది. ఒంట్లో పుట్టే ఈ హార్మోన్ నిమిషాల్లో కరిగిపోతుంది. దాన్ని అనుకరించే సెమాగ్లుటైడ్ మాత్రం అలా పోదు, ఒంట్లో ఉన్నదాంట్లో సగం తగ్గడానికే వారం పడుతుంది. వెగోవీ, ఒజెంపిక్ ఇంజెక్షన్లలో, రైబెల్సస్ మాత్రలో ఉన్నది ఇదే మందు. మౌంజారోలో ఉండే టిర్జెపటైడ్ జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే ఇంకో హార్మోన్ పని కూడా చేస్తుంది. అది సగానికి రావడానికి సుమారు అయిదు రోజులు. మన దేశంలోకి 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ వచ్చాయి. సెమాగ్లుటైడ్ మీద ఇక్కడి పేటెంట్ గడువు 2026 మార్చి వరకే. ఇన్నాళ్లూ అమెరికాలో ఉన్న బంధువుల ఫోన్లలో విన్న పేర్లు ఇప్పుడు మన పక్కింట్లో ఫ్రిజ్ తలుపులో ఉన్నాయి.

వారమంతా ఒంట్లో ఉండే మందు కాబట్టి "ఏకాదశి కదా, ఈ ఒక్కరోజు మందు మానేస్తాను" అనడం కుదరదు. పోయిన వారం వేసుకున్నది, అంతకు ముందు వారానిది కొంత, ఒంట్లోనే ఉంటాయి. ఉపవాసం ఉన్నా లేకపోయినా దాని పని అది చేస్తూనే ఉంటుంది.

సెమాగ్లుటైడ్‌కి పేరు తెచ్చిన ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. 1,961 మంది, 68 వారాలు. మందు తీసుకున్నవాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు 2.4 శాతం. మరుసటేడు టిర్జెపటైడ్ ట్రయల్‌లో పెద్ద డోసు మీద 72 వారాల్లో 20.9 శాతం. సెమాగ్లుటైడ్ ట్రయల్‌లో ఉన్నవాళ్లకు రోజుకి 500 కేలరీలు తగ్గించుకోమని, వారానికి 150 నిమిషాలు నడక లాంటిది చెయ్యమని చెప్పారు. ఉపవాసం ఉండమని చెప్పలేదు. ఆ ఫలితాలు పదహారు గంటల ఖాళీ కడుపు లేకుండానే వచ్చాయి.

మరి ఉపవాసం విడిగా ఏం చేస్తుంది? చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది స్థూలకాయుల మీద ఏడాది పాటు చేసిన ట్రయల్ 2022లో వచ్చింది. రెండు జట్లకూ కేలరీల కోత ఒకటే. ఒక జట్టు మాత్రం పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపే తినాలి. ఏడాది తర్వాత ఆ జట్టు 8 కిలోలు, రెండో జట్టు 6.3 కిలోలు తగ్గాయి. గణాంకాల లెక్కలో ఆ తేడా తేడా కిందకి రాదు. అంటే గడియారానికి పెద్ద మహిమ లేదు, తిండి తగ్గడం వల్లే బరువు తగ్గింది. ఆ తగ్గించే పని మందు ముందే చేస్తోంది.

రీల్స్‌లో ఈ మధ్య "ఆటోఫజీ" అనే మాట మన మంత్రపుష్పంలా వినిపిస్తోంది, అంటే కణాలు తమలోని పాడైన ముక్కల్ని తామే అరిగించుకోవడం. దాని మీద పరిశోధనకు యోషినోరి ఒసుమి గారికి 2016లో నోబెల్ వచ్చిన మాట నిజమే. ఆయన పని చేసింది ఈస్ట్ కణాల మీద. పదహారో గంటలో మన ఒంట్లో మురికి కడిగే యంత్రం ఆన్ అవుతుందని ఆ బహుమతి పత్రంలో రాసి లేదు.

ఇంత చెప్పి ఉపవాసం మానెయ్యమంటానా అంటే, లేదు. మందు వాడేవాళ్లకి అది పనికొచ్చే చోటు ఒకటుంది. రాత్రి పదింటికి టీవీ ముందు చేగోడీల డబ్బా తెరిచే అలవాటు పోతుంది. ఏడింటికి తినేసి పడుకునేలోపు మూడు గంటలు ఖాళీ ఇస్తే ఈ మందుతో వచ్చే పుల్లటి త్రేన్పులు, గుండెల్లో మంట తగ్గుతాయి. నేను ఒప్పుకునేది ఆ మేరకే. "ఆకలి వెయ్యట్లేదు, కాబట్టి ఇంకో నాలుగు గంటలు లాగేద్దాం" అనేదే తేడా కొట్టే చోటు. మామూలు మనిషికి ఉపవాసంలో ఆకలే కాపలాదారు. నీరసం ముదిరేలోపు కడుపు గోల పెట్టి వంటింట్లోకి తరుముతుంది. ఈ మందు ఆ కాపలాదారుని నిద్రపుచ్చింది. దాహం కూడా కొంత మందగిస్తుంది. కాబట్టి ఆగాల్సిన గంట ఏదో ఒళ్లు చెప్పదు, మనమే లెక్క పెట్టుకోవాలి.

ఎనిమిది గంటల్లో పట్టేదెంత?

లెక్క అన్నాను కాబట్టి వంటింటి లెక్కే వేద్దాం. బరువు తగ్గేటప్పుడు పోయేది కొవ్వొక్కటే కాదు. సెమాగ్లుటైడ్ ట్రయల్‌లో 140 మందికి స్కాన్ తీసి చూస్తే తగ్గిన బరువులో సుమారు 40 శాతం కొవ్వు కానిది. అందులో నీళ్లూ ఉంటాయి, అంతా కండే అనడం తప్పు. కానీ కండ కూడా ఉంది. మనవాళ్లకి మొదటే కండ తక్కువ, పొట్ట ఎక్కువ. అరవై దాటినవాళ్లలో తొడ కండ తగ్గితే కుర్చీలోంచి లేవడానికి చేతులు ఊనుకోవాల్సి వస్తుంది, బాత్రూంలో కాలు జారుతుంది.

కండ నిలవాలంటే ప్రొటీన్ తినాలి, కండకి పని చెప్పాలి. మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ అని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఈ మందులతో బరువు తగ్గుతున్నవాళ్లకి 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా ఉండాలని నిపుణులు చెబుతున్నారు. ఉండాల్సిన బరువు 65 కిలోలు అనుకుంటే, తక్కువలో తక్కువ 78 గ్రాములు. కిడ్నీ జబ్బున్నవాళ్లకి మాత్రం ఈ లెక్క వర్తించదు, వాళ్ల అంకె డాక్టరే చెప్పాలి.

78 గ్రాములంటే ఎంతో నేను మా వంటింట్లో కొలిచి చూశాను. గుడ్డులో 6 గ్రాములు. గట్టి పప్పు ఒక కప్పులో ఎనిమిదో తొమ్మిదో. వండిన చికెన్ 100 గ్రాములకి పాతిక. కప్పు పెరుగులో అయిదు. శాకాహారులకి ఇంకా కష్టం: 60 గ్రాముల పెసలు నానబోసి వేసిన పెసరట్లలో 14, యాభై గ్రాముల మీల్‌మేకర్‌లో 26, యాభై గ్రాముల పనీర్‌లో 9, గుప్పెడు వేరుశెనగ గుళ్లలో 6. వీటికి పప్పు, పెరుగు, రెండు చపాతీలు కలిస్తే గానీ ఆ అంకె రాదు. ఇవన్నీ బల్ల మీద ఒక్కచోట పెట్టాను. పెళ్లి బంతిలో విస్తరిలా ఉంది. ఇప్పుడు ఇడ్లీ ఒకటిన్నరకే "వద్దమ్మా" అనే మనిషికి ఇదంతా రెండు పూటల్లో పట్టించాలి. పట్టదు. ఏది మిగుల్తుంది? ప్రొటీనే. అన్నం, చారు తేలిగ్గా దిగుతాయి, మీల్‌మేకర్ కూర పక్కకి పోతుంది.

అందుకే ఈ మందు మీద ఉన్నవాళ్లకి నేను చెప్పేది పన్నెండు గంటల ఖాళీ. రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు. డోసు కుదురుకుని, వికారం లేకుండా, ప్రొటీన్ అంకె రోజూ అందుతుంటే పద్నాలుగు దాకా వెళ్లొచ్చు. పదహారు గంటలు అందరికీ నప్పదు. రోజుకొక్క పూటే తినే పద్ధతి, రోజు విడిచి రోజు ఉపవాసం, 500 కేలరీలతో గడిపే రోజులు అయితే ఈ మందుతో కలిపి సొంతంగా చెయ్యాల్సినవి కానే కావు. ఎనిమిది గంటల్లో రెండు పెద్ద భోజనాలు కాకుండా పన్నెండు గంటల్లో నాలుగు చిన్నవి పెట్టుకుంటే ఆ విస్తరి ఎలాగోలా పడుతుంది. ప్రతిసారీ ముందు గుడ్డో పప్పో, ఆ తర్వాతే అన్నం. వారానికి రెండు మూడు రోజులు బరువులు ఎత్తడమో, గోడకి చేతులానించి పుషప్‌లో, కుర్చీలోంచి లేచి కూర్చోవడమో ఏదైనా సరే.

ఉపవాసం విరమించే ఘడియలో ఇంకో చిక్కుంది. మందు వల్ల పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది, ముఖ్యంగా మొదటి వారాల్లోనూ, డోసు పెంచినప్పుడూ. రోజంతా ఖాళీగా ఉంచి ఒక్కసారిగా బిర్యానీ దించితే అది అక్కడే కూర్చుంటుంది. నూనె ఎక్కువైతే మరీను. తర్వాత కుళ్లు త్రేన్పులు, అర్ధరాత్రి వాంతి. ఆ ట్రయల్‌లో సెమాగ్లుటైడ్ తీసుకున్నవాళ్లలో 44 శాతం మందికి ఏదో ఒక దశలో వికారం వచ్చింది. దానికి మనం చేతులారా ఆజ్యం పొయ్యడం ఎందుకు? మజ్జిగతోనో పల్చటి పప్పుకట్టుతోనో మొదలుపెట్టి, అరగంట ఆగి, చిన్న పళ్లెంలో తినడం మేలు.

వెగోవీ 0.25 మిల్లీగ్రాములతో మొదలై నెలకో మెట్టు చొప్పున 2.4 దాకా పెరుగుతుంది. మౌంజారో 2.5తో మొదలై 15 దాకా. మెట్టు ఎక్కిన ప్రతిసారీ మొదటి రెండు మూడు వారాలు ఉపవాసాలకి సెలవివ్వడం నయం. ఇంజెక్షన్ వేసుకున్న ఒకటి నుంచి మూడు రోజుల్లో ఒంట్లో మందు గరిష్ఠంగా ఉంటుంది. చిన్నాన్న శుక్రవారం వేసుకుని శనివారం ఒంటిపూట ఉండేవాడు. వెతికి వెతికి సరిగ్గా ఆ రోజే పట్టుకున్నాడన్నమాట.

పక్కనున్న మాత్రలు

ఇక ఆ చిన్న మాత్ర. దాని పేరు గ్లిమెపిరైడ్. మన దగ్గర షుగర్ మందుల డబ్బా తెరిస్తే మెట్‌ఫార్మిన్‌తో కలిసి ఉన్న రూపంలో ఇది కనబడని ఇల్లు తక్కువ. గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ దీని అన్నదమ్ములు. ఇవి ప్యాంక్రియాస్‌ని పిండి ఇన్సులిన్ తీస్తాయి, మనం తిన్నామా లేదా అని అడగవు. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అలా కాదు, షుగర్ పెరిగితేనే ఇన్సులిన్ రప్పిస్తాయి, అందుకే వాటంతటవి షుగర్‌ని పాతాళానికి దించడం అరుదు. కానీ గ్లిమెపిరైడ్‌తోనో, ఇన్సులిన్‌తోనో జత కలిస్తే లోషుగర్ ముప్పు పెరుగుతుంది. దానికి ఉపవాసం తోడైతే చెప్పక్కర్లేదు. చిన్నాన్న ఎనిమిదేళ్లుగా పొద్దున టిఫిన్‌కి ముందు ఆ మాత్ర వేసుకుంటున్నాడు. టిఫిన్ మానేశాడు, మాత్ర మానలేదు. డాక్టరు దగ్గర ఉపవాసం మాట ఎత్తనే లేదు. "మొక్కు గురించి డాక్టరుకెందుకు చెప్పడం?" అన్నాడు.

చెప్పాలి. ఇంజెక్షన్ మొదలుపెట్టే రోజునే "నేను ఫలానా రోజుల్లో తినను, టిఫిన్ మానేస్తున్నాను" అని చెబితే ఈ మాత్రని తగ్గించడమో ఆపడమో, ఇన్సులిన్ డోసు మార్చడమో వాళ్లే చూస్తారు. మనంతట మనం మార్చే పని కాదిది. షుగర్ 70 కన్నా తగ్గితే ఉపవాసం అక్కడితో అయిపోయినట్టే. మూడు చెంచాల పంచదారో గ్లూకోజ్ పొడో నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకి మళ్లీ చూసుకోవాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగాలి. తర్వాత ఏదైనా తినాలి. ఈ ఇంజెక్షన్ మీద పొట్ట నెమ్మదిగా కదులుతుంది కాబట్టి లడ్డూ, చాక్లెట్ లాంటి నెయ్యీ కొవ్వూ ఉన్న తీపికన్నా ఉత్త పంచదార నీళ్లే త్వరగా అందుకుంటాయి. పూజారిగారు చేసింది నూటికి నూరుపాళ్లూ సరైన పని.

రెండో మాత్ర ఇంకా మాయలాడి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. ఒంట్లోని షుగర్‌ని మూత్రంలోంచి బయటికి పంపేవి. గుండెకీ కిడ్నీకీ మేలు చేస్తాయని ఇప్పుడు విరివిగా రాస్తున్నారు, మంచి మందులే. అయితే ఇవి వాడుతూ తిండి బాగా తగ్గించినా, ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉన్నా అరుదుగా రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకుపోతాయి. దీన్ని కీటోఅసిడోసిస్ అంటారు. షుగర్ మూడొందలో నాలుగొందలో ఉంటే ఎవరైనా పరుగెత్తుతారు. ఇక్కడ అది దాదాపు మామూలుగానే ఉండొచ్చు. గ్లూకోమీటర్ నూట అరవై చూపిస్తుంది, మనం నిశ్చింతగా ఉంటాం. లక్షణాలా? వికారం, వాంతులు, కడుపునొప్పి, నీరసం. అవే కదా ఇంజెక్షన్ దుష్ప్రభావాలు! "డోసు పెంచారు కదా, అందుకే వాంతులు" అని ఇంట్లోనే పడుకుంటారు. కాబట్టి ఈ మాత్ర వాడేవాళ్లకి ఖాళీ కడుపు మీద వాంతులు పట్టుకుంటే, ఊపిరి లోతుగా వేగంగా వస్తుంటే, షుగర్ అంకె ఎంతున్నా సరే, ఆసుపత్రికి వెళ్లి "ఫలానా మాత్ర వాడుతున్నాను, కీటోన్లు చూడండి" అని నోరు తెరిచి చెప్పాలి. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటామంటే నేను ఇది ఇస్తాను.

కొన్ని బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయించేవి కలిసి ఉంటాయి, టెల్మిసార్టన్‌తో హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటివి. బరువు తగ్గితే బీపీ కూడా తగ్గుతుంది, నీళ్లు తాగడం తగ్గింది, మాత్ర మాత్రం పాత డోసే. మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతాయి. కొందరిలో నీళ్లు ఇంకిపోయి కిడ్నీలు దెబ్బతింటాయి. గుండె, కిడ్నీ జబ్బులతో నీళ్ల మీద ఆంక్ష లేకపోతే రోజుకి రెండు లీటర్ల పైన, దాహంతో పని లేకుండా గంటగంటకీ తాగాల్సిందే. ఉపవాసంలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగని మించింది లేదు.

రైబెల్సస్ మాత్రకి వేరే తతంగం. నిద్ర లేవగానే పరగడుపున, 120 మిల్లీలీటర్లకి మించని నీళ్లతో వేసుకుని అరగంట ఆగాలి, కాఫీ కూడా కాదు. థైరాయిడ్ మాత్రా పరగడుపు మాత్రే. రెండూ ఒకేసారి గుటుక్కుమనిపించకుండా ఏది ఎప్పుడో అడిగి రాయించుకోవాలి. ఉపవాసమున్నా ఈ మాత్రని మధ్యాహ్నం దాకా వాయిదా వెయ్యనక్కర్లేదు, దానికి కావలసింది ఖాళీ కడుపే.

ఆడపిల్లలకి ఒక మాట. టిర్జెపటైడ్ వాడితే గర్భనిరోధక మాత్రల పని మందగించవచ్చు. మొదలుపెట్టాక నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు, వేరే జాగ్రత్త కూడా ఉండాలి. బిడ్డ కావాలనుకుంటే సెమాగ్లుటైడ్ కనీసం రెండు నెలల ముందే ఆపాలి.

మొక్కులు, రోజాలు

నాగరికమైన పేరు పెట్టి అమ్ముతున్న ఉపవాసం మనకి కొత్తేం కాదు. కార్తీక సోమవారం నక్తమంటే పగలంతా ఉండి చుక్కల్ని చూసి తినడం. గడియారం ప్రకారం అది 16:8 కన్నా కఠినం. పైగా రాత్రి విందు పొట్ట మీద పడుతుంది. ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లు పగలు పాలు, పళ్లు, వడపప్పు తీసుకుని నక్తాన్ని సడలించుకోవడానికి మన సంప్రదాయంలో చోటుంది, రోగులకి, ముసలివాళ్లకి, గర్భిణులకి మినహాయింపు ఎప్పుడూ ఉన్నదే. వడపప్పు అంటే నానిన పెసరపప్పు, ప్రొటీన్! శ్రీరామనవమికే దాన్ని ఎందుకు పరిమితం చేశామో నాకు అర్థం కాదు.

రంజాన్ రోజా ఇంకా కఠినం, నీళ్లు కూడా ఉండవు కాబట్టి. ఈ మధ్య రంజాన్ చలికాలం చివర్లో వస్తుండడంతో హైదరాబాద్‌లో రోజా సుమారు పదమూడు గంటలు. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య రంజాన్ కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు తయారుచేసింది. అందులో ఈ తరహా మందుల గురించి చెప్పేదేమిటంటే, డోసు సర్దుబాటు అంతా రంజాన్‌కి రెండు నుంచి నాలుగు వారాల ముందే ముగించుకోవాలి. కుదురుకున్న డోసుని మార్చనక్కర్లేదు. షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలి. షుగర్ చూసుకోవడానికి వేలు గుచ్చితే రోజా భంగం కాదని కూడా అందరికీ తెలియాలి. ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్లు, ఆ తర్వాత హలీం. గోధుమ, పప్పులు, మాంసం కలిసింది, ప్రొటీన్‌కి వంక లేదు. నెయ్యి మాటేమిటంటారా, చిన్న గిన్నెతో ఆపితే పొట్ట ఊరుకుంటుంది. తెల్లారకముందు తినే సహరీ మానేసి పడుకోవడం మాత్రం ఈ మందుతో కుదరదు.

క్రైస్తవ కుటుంబాల్లో ఈస్టర్‌కి ముందొచ్చే లెంట్ నలభై రోజులూ ఒకపూట ఉండేవాళ్లున్నారు. వాళ్లకీ అదే మాట: గంటలు తగ్గించుకోండి, గుడ్డూ పప్పూ వదలకండి.

ఉపవాసం మాట వచ్చింది కాబట్టి మొక్కు లేని ఉపవాసం ఒకటుంది, ఆపరేషన్‌కీ ఎండోస్కోపీకీ ముందు ఉండేది. మామూలుగా రాత్రి నుంచి ఏమీ తినకపోతే పొట్ట ఖాళీ. ఈ మందుతో పొద్దుటికి కూడా పొట్టలో తిండి మిగిలి ఉండొచ్చు. మత్తిచ్చాక అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది. పంటికో కంటికో చిన్న ఆపరేషనే అయినా సరే, మత్తు డాక్టరుకి ఇంజెక్షన్ పేరు, చివరిసారి వేసుకున్న తేదీ చెప్పాలి.

పిత్తాశయంలో రాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. బరువు వేగంగా తగ్గినా, ఎక్కువ గంటలు తినకపోయినా పిత్తరసం కదలక రాళ్లు కట్టే అవకాశం పెరుగుతుంది. వారానికి కిలోన్నర మించి తగ్గుతుంటే సంబరపడకుండా ఉపవాసాలు ఆపి తిండి చూసుకోండి. తిన్నాక కుడి పక్క డొక్క కింద పోటు వచ్చినా, పై పొట్టలో మొదలై వీపులోకి దూసుకెళ్లే నొప్పి వాంతులతో కలిసి వచ్చినా, గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోయినా గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, తిండి మీద భయమో పిచ్చో ఒకప్పుడు పట్టి వదిలినవాళ్లు, ఎనభైకి చేరువై ఇప్పటికే బక్కచిక్కినవాళ్లు ఈ ఉపవాసాల జోలికి పోకూడదు.

చిన్నాన్న సంగతికి వస్తే, డాక్టరుగారు గ్లిమెపిరైడ్ ఆపేశారు, ఇంజెక్షన్‌ని శుక్రవారం నుంచి ఆదివారానికి మార్చారు. 16:8 పోయి పొద్దున టిఫిన్ తిరిగొచ్చింది, దాంట్లోకి గుడ్డొచ్చింది. శనివారం ఒంటిపూట మాత్రం ఉంది, దాన్ని ఆపే మొనగాడు మా ఇంట్లో లేడు. పొద్దున వడపప్పు, మజ్జిగ. మధ్యాహ్నం పప్పూ అన్నం. ఆరున్నరకి పాలు, అరటిపండు. ఆ తర్వాతే గుడి. మొన్న నేనూ వెళ్లాను. ధ్వజస్తంభం దగ్గరికి రాగానే పూజారిగారు చిన్నాన్న వైపు చూసి, ఏమీ అనకుండా, తన చొక్కా లేని గుండె మీద జేబుండే చోట చేత్తో తట్టారు. చిన్నాన్న తన జేబులోంచి గ్లూకోజ్ పొట్లం కొసని పైకి తీసి చూపించి ముందుకు నడిచాడు.